పట్టీలో దాచిన దారం

మేడ మీది వాటా,
కుట్టుమిషను పక్కన

మా గుండీకి,

అమ్మమ్మ కంగారుపడుతూ రాస్తున్నది. ఫోనులో నువ్వు రోజూ బాగున్నా అమ్మమ్మా అంటావు. నాకు సగం వినపడదు, వినపడిన సగంలోనూ అదే మాట. కాయితం మీద అబద్ధం రాయాలంటే ఎవరికైనా చెయ్యి జంకుతుంది. అందుకని ఇకనుంచి నాకు ఉత్తరాలు రాయి. చేరడానికి పది రోజులైతే అయింది. నేను చదివింది మూడో తరగతి, నా అక్షరాలు నీకు కొత్త కాదు.

నిన్న మీ అమ్మ ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ నోరు జారింది. నలభై మూడు చోట్లకి అర్జీలు పెట్టావటగా, ఒక్కళ్ళూ పిలవలేదటగా. నాలుగు నెలలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్పు చేస్తేనే పట్టా ఇస్తారట, ఆ చోటు వాళ్ళ సంతకం మూడు నెలల్లోపు తేవాలట, లేకపోతే ఆ దేశంలో ఉండనివ్వరట, రెండేళ్ళ చదువు అటకెక్కినట్టేనట. ఇన్ని అటలు విన్నాక నాకు ముద్ద దిగుతుందా? మీ అమ్మ మటుకు రెండోసారి పెరుగు వేసుకుంది.

ఒక మాట చెప్తాను, విను. మీ తాత పనిచేసే మిల్లు మూతపడ్డ ఏడాది నేను పని అడగడానికి దర్జీ కొట్లకి వెళ్ళాను. ఏడు కొట్లలో నా కష్టం చెప్పుకున్నాను. పాపం అన్నారు, మంచినీళ్ళిచ్చారు, పంపేశారు. ఎనిమిదో కొట్లో కష్టం చెప్పే ఓపిక లేక, తొడుక్కున్న జాకెట్టు చెయ్యి మడిచి లోపలి కుట్టు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, రేపట్నుంచి చొక్కాలకి గుండీలు దూరే కాజాలు కుట్టమన్నాడు. నలభై ఏళ్ళు కుట్టాను. నువ్వు చిన్నప్పుడు నా డబ్బాలోంచి గుండీ తీసి మింగింది కూడా నేను ఆ పనిలో ఉన్నప్పుడే. నీకా పేరు అలా వచ్చింది, నాకీ కంగారు కూడా అప్పుడే వచ్చింది, ఇంకా పోలేదు.

కాబట్టి కష్టం చెప్పకు, పని చూపించు. నువ్వు వెళ్ళేటప్పుడు నీ పెట్టె అడుగున స్వెట్టరు కింద, చొక్కాకి ఉన్నట్టు గుండీల పట్టీ వేసిన గుడ్డ ఒకటి పెట్టాను. పన్నెండు కాజాలున్నాయి. ఎందుకూ కాదు, ఊరికే తోడుకి.

పొయ్యి కట్టేశాక ఇంకోసారి చూసుకో. తడి జుట్టుతో బయటికి వెళ్ళకు. ఆ చివరి మెట్టు ఇరుకని చెప్పావు, దాని దగ్గర జాగ్రత్త.

అమ్మమ్మ


మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అమ్మమ్మా,

మెట్టు దగ్గర జాగ్రత్తగానే ఉన్నాను. కానీ నిన్న దాని మీంచి ఎగిరి దూకాను. ఎందుకో చివర్లో చెప్తా, ముందే చివరికి వెళ్ళి చదవకు.

నలభై మూడు కాదు, యాభై ఆరు. చాలాచోట్ల ఫోనెత్తి చక్కగా మాట్లాడతారు. "మీరు ఇక్కడివారేనా?" అని అడిగాక గొంతు మారిపోతుంది. మా దగ్గర విదేశీయుల కాయితాలు చూసేవాళ్ళు లేరండీ అంటారు. నేనేమో అర్జీ మొదటి వాక్యంలోనే "నేను విదేశీ విద్యార్థిని, నాకు అనుమతి పత్రం కావాలి" అని రాస్తున్నాను. నిజాయితీ అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అర్థమైంది, అది నిజాయితీ కాదు, ఏడో కొట్లో కష్టం చెప్పుకోవడం.

కాలేజీ ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. అసలు సంగతేమిటంటే ఆ కాయితాలన్నీ కాలేజీయే చూసుకుంటుందట. పనిచ్చేవాళ్ళు ఒక్క ఫారం మీద సంతకం పెడితే చాలు. ఈ ముక్క వాళ్ళకి తెలీదు, నాకూ తెలీదు. ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకళ్ళని చూసి ఒకళ్ళం భయపడ్డాం. అర్జీ మొత్తం మార్చేశాను. మొదట నా పని, చివర ఆ ఫారం సంగతి ఒక్క వాక్యం.

ఇక్కడ పాత బట్టలు బాగుచేసే ఒక వర్క్‌షాపు ఉంది. నాటకాల కోట్లు, సైనికుల యూనిఫారాలు, మ్యూజియంలో గాజు పెట్టెల్లో ఉండేవి. నా చదువంతా దాని కోసమే కదా, పాత బట్ట చివికిపోకుండా కాపాడటం. వాళ్ళకి మెయిల్ పంపకుండా అర్జీ తీసుకుని నేనే వెళ్ళాను, నీ గుడ్డ జతచేసి కవరులో ఇచ్చి వచ్చాను.

ఇదిగో చివర. నిన్న పిలిచారు, అమ్మమ్మా. పిలిచారు. వాళ్ళ పెద్దావిడ ఏదో ఎగ్జిబిషన్ పని మీద వేరే ఊళ్ళో ఉన్నారట, ఏడు వారాలకి వస్తారట. ఆ రోజు నన్ను కూర్చోబెట్టి చూస్తారట. కాలేజీ గడువుకి పన్నెండు రోజుల ముందన్నమాట. ఇది తప్పితే ఇంకోటి వెతుక్కునే టైము ఉండదు, కానీ ఇది ఎందుకు తప్పుతుంది?

అన్నట్టు, కాజా ఎలా కుడతారో కొంచెం వివరంగా రాస్తావా? ఊరికే, తెలుసుకుందామని. సూది ఎటునుంచి ఎటు వెళ్ళాలి, దారం ఎన్ని పోగులు, మొత్తం. సగం కుట్టి ఆపేసిన కాజా ఒకటి పంపితే ఇంకా మంచిది.

నీ గుండీ


వంటింటి గడప

గుండీకి,

నీ ఉత్తరం చదివి ముందు సంతోషపడ్డాను. తర్వాత చివరి నాలుగు వరుసలు ఇంకోసారి చదివాను. ఊరికే తెలుసుకోవడానికి ఎవరూ సూది ఎటునుంచి ఎటు అని అడగరు. మీ అమ్మ కూడా చిన్నప్పుడు "ఊరికే, పాలు పొంగితే ఏమవుతుంది?" అని అడిగింది. వెళ్ళి చూస్తే గిన్నె మాడిపోయి ఉంది. ఏం జరిగిందో రాయి.

ఈలోపు నేర్చుకో. గుండీని గుడ్డ మీద పెట్టి, అటూ ఇటూ బియ్యపు గింజంత వదిలి గీత గీయి. కోసే ముందు గీత చుట్టూ సన్నంగా ఒక కుట్టు వేసుకో, లేకపోతే గుడ్డ పోగులు ఊడి నీ మీద పగబడుతుంది. దారానికి మైనం రాయి. అంచు పొడుగునా ఒక దారం పడుకోబెట్టి, దాన్ని కప్పుతూ కుట్టు. సూది కింద నుంచి పైకి రావాలి, దారం సూది ముక్కు కింద నుంచి చుట్టుకోవాలి, లాగేటప్పుడు పైకి లాగు, నీ వైపు కాదు. ముడి సరిగ్గా కోసిన అంచు మీద కూర్చోవాలి. ముడి పక్కన ముడి, బస్సులో జనంలా ఆనుకుని ఉండాలి, ఎక్కి కూర్చోకూడదు. నీది ఎడమచెయ్యి కాబట్టి ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పుకో. మొదటి యాభై కాజాలు ఏడిపిస్తాయి. యాభై ఒకటోది కూడా ఏడిపిస్తుంది గానీ నీకు అలవాటవుతుంది.

సగం కుట్టింది పంపమన్నావు. ఆ రంగు దారం ఇక్కడ దొరకడం లేదు. చూస్తాను.

వేలికి టోపీ లేకుండా కుట్టకు. సూది గుచ్చుకుంటే వెంటనే కడుక్కో. తుప్పు పట్టిన సూదైతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. తుప్పు లేకపోయినా వెళ్ళు.

అమ్మమ్మ


మూడో అంతస్తు

అమ్మమ్మా,

పాల గిన్నె మాడింది.

అర్జీలో "నా పని నమూనా జతచేశాను" అని రాశాను. అది అన్ని అర్జీల మీదా రాసే వాక్యమే, అలవాటుగా వేలు కొట్టేసింది. నా కాలేజీ పనుల ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. కానీ పిలిచిన అమ్మాయి ఫోనులో ఏమందంటే, "ఇలాంటి చేతి కాజాలు మా దగ్గర ఇద్దరే కుట్టగలరు. ఫొటో చూసి మా పెద్దావిడ మీరు కుడుతుంటే చూడాలంటున్నారు." అప్పుడే చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. యాభై ఆరు చోట్ల నుంచి ఒక్క పిలుపు అమ్మమ్మా. మింగేశాను, చిన్నప్పటి గుండీలాగే.

అందుకని ఏడు వారాల్లో నేర్చేసుకుంటే అబద్ధం నిజమైపోతుంది కదా అనుకున్నాను. నాలుగో వారం సగం గడిచింది. ఇప్పటికి ముప్ఫై ఎనిమిది కుట్టాను. మొదటివి పిల్లి గీకినట్టున్నాయి. నిన్నటిది చూసి పక్కగది అమ్మాయి, "ఇది నోరా?" అని అడిగింది. కానీ ముప్ఫై ఐదోదానిలో వరుసగా ఆరు ముళ్ళు బస్సులో జనంలా నిలబడ్డాయి. ఆ ఆరింటినీ చూసి గదిలో గెంతాను, కింద అంతస్తు ముసలాయన చీపురుకర్రతో కప్పు మీద కొట్టాడు.

సగం కుట్టిన కాజా పంపు అమ్మమ్మా. ఏ రంగైనా ఫరవాలేదు. మూల దగ్గర నువ్వు ఎలా తిరుగుతావో చూస్తే వచ్చేస్తుంది.

తిట్టు, కానీ త్వరగా తిట్టు.

గుండీ


కుట్టుమిషను పక్కన

గుండీకి,

త్వరగానే తిడుతున్నాను. నీకు బుద్ధి ఉందా? ఒకరి చేతిపనిని నా పనంటే, రేపు వాళ్ళు కోటిచ్చి కుట్టమంటే ఏం చేస్తావు? నన్ను పిలిపిస్తావా? అయిపోయింది, తిట్టడం.

ఇప్పుడు నా గిన్నె సంగతి. దారం దొరకలేదని రాశాను. దొరికింది. దారం ఎప్పుడూ దొరుకుతుంది. దొరకనిది నా బొటనవేలు. రెండేళ్ళయింది, వంగడం లేదు. మీ అమ్మకి తెలిస్తే డాక్టర్ల చుట్టూ తిప్పుతుందని చెప్పలేదు, చిక్కుళ్ళు కూడా తను డ్యూటీకి వెళ్ళాక వలుస్తాను, ఎంతసేపు పడుతోందో చూడకుండా. నీ పెట్టెలో పెట్టిన ఆ పన్నెండు కాజాలు కుట్టడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. నువ్వు సీటు వచ్చిందని చెప్పిన రోజు మొదలుపెట్టాను. అవే నా చేతి ఆఖరి కాజాలు. ఇంకోటి పంపలేను తల్లీ, సగమైనా సరే.

మూల దగ్గర ఎలా తిరగాలో మాటల్లో చెప్తాను. అక్కడ కుట్లు విసనకర్రలా విప్పు, ఐదో ఏడో, బేసి లెక్క. మధ్యది సరిగ్గా గీత చివరకి రావాలి. అంతే. తొందరపడితే ఎలుక కొరికినట్టు వస్తుంది.

ఇంకోటి. ఆవిడ ఎదురుగా కూర్చుని సూది పట్టుకోకముందే చెప్పు, ఆ గుడ్డ మా అమ్మమ్మదని. కుట్టాక చెప్తే దొరికిపోయి చెప్పినట్టుంటుంది. ముందు చెప్తే కనీసం చెప్పినట్టుంటుంది. ఈ మాట రాసి రెండుసార్లు కొట్టేశాను, నీకు రావాల్సిన సంతకం నేనే చేజేతులా చెడగొడుతున్నానేమోనని. అయినా రాస్తున్నాను. పోస్టు డబ్బా దాకా నేనే వెళ్తాను, మీ అమ్మకిస్తే మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి అడుగుతాను.

ఆ రోజు ఏదైనా తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో చెయ్యి వణుకుతుంది.

అమ్మమ్మ


వర్క్‌షాపు ఎదుట, బస్టాపు బెంచీ

అమ్మమ్మా,

రెండు బస్సులు వెళ్ళిపోయాయి, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. కాయితం ఒళ్ళో ఉంది, అక్షరాలు వంకర పోతే క్షమించు.

పొడవాటి గది. కిటికీలకి తెల్లటి తెరలు, బట్టల మీద ఎండ పడకుండా. బల్లల మీద కోట్లు పేషెంట్లలా వెల్లకిలా పడుకున్నాయి. పెద్దావిడ మెడలో టేపుతో వచ్చింది. నువ్వు చెప్పినట్టే సూది ముట్టకముందు చెప్పేశాను. "ఈ గుడ్డ నా పని కాదండీ. మా అమ్మమ్మది. నాది అని రాయడం తప్పు."

ఆవిడ వెళ్ళి మన గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది. గుండీల పట్టీ అడుగున రెండు కుట్లు విప్పి ఉన్నాయి. అందులోంచి చిన్న పట్టకారుతో దారం లాగింది. అదే రంగు దారం, మూరెడు, మైనం రాసి చుట్ట చుట్టి లోపల పెట్టి ఉంది.

"ముప్ఫై ఏళ్ళుగా పాత బట్టలు విప్పుతున్నాను. చీటీలు చూశాను, తాయెత్తులు చూశాను. ఇది చూడలేదు. ఇదెందుకు?" అంది.

నాకు తెలీదు అమ్మమ్మా. ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే ఒకటి కక్కి ఉన్నాను. "నాకు తెలీదండీ, అడగాలి" అన్నాను.

అప్పుడు కుట్టమంది. ఒక్క కాజాకి ముప్పావు గంట పట్టింది. మూల దగ్గర విసనకర్ర విప్పాను, ఏడు కుట్లు. ఆవిడ భూతద్దంలో చూసి, "పక్కలు ఫరవాలేదు. మూల బాగుంది. మొదలు ఘోరంగా ఉంది" అంది. ఈ మూడు మాటల్నీ పదిసార్లు లోపల చెప్పుకున్నాను.

చివరికి ఏమందో విను. వాళ్ళ దగ్గర ప్రతి బట్టకీ ఒక ఫైలు ఉంటుందట, ఎవరు కుట్టారు, ఎందుకలా కుట్టారు అని. "మీ అమ్మమ్మ చేత ఈ దారం సంగతి రాయించి తీసుకురా. ఆవిడ రాతలోనే, ఆవిడ భాషలోనే. అనువాదం నువ్వు చెయ్యి. అది ఫైలులో పెట్టాక నీ ఫారం చూస్తాను." ఇస్తాననలేదు. చూస్తానంది.

గడువు పన్నెండు రోజులు. నువ్వు రాయి, అమ్మ ఫొటో తీసి ఫోనులో పంపుతుంది, అసలు కాయితం వెనకాల పోస్టులో వస్తుంది. ఈ ఉత్తరాన్ని కూడా ఫొటో తీసి అమ్మకి పంపేస్తున్నాను. నీ చిక్కుళ్ళ సంగతి మాత్రం తనకి నేను చెప్పలేదు.

అదిగో మూడో బస్సు.

గుండీ


మేడ మీది వాటా

అక్కడి పెద్దమ్మగారికి,

నమస్కారం. నేను మూడో తరగతి చదివాను. ఈ కాయితం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడింటిలో నా కూతురు తప్పులు దిద్దింది, దిద్దాక అవి నావిలా లేవు. అందుకని దీన్ని తనకి చూపించకుండా మడిచి, ఫొటో తీసేటప్పుడే విప్పుతాను. తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

మీరు దారం సంగతి అడిగారు. అది పెద్ద విశేషమేమీ కాదు. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక బడిపంతులు చొక్కా తెచ్చాడు. కాజా ఒకటి తెగింది. చొక్కా కుట్టింది వేరెవరో. కాజా దారం లేత బూడిదరంగు, కొంచెం నీలం కలిసింది. అంగళ్ళన్నీ తిరిగాను, అలాంటి దారం లేదు. దగ్గరగా ఉన్నది వేసి కుట్టాను. ఆయన మంచివాడు, ఏమీ అనలేదు. కానీ తర్వాత చాలా రోజులు దారిలో కనిపించినప్పుడల్లా ఆ కాజా మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. తనకి తెలియకుండానే. నేను చూసేదాన్ని.

ఆ కుట్టిందెవరో ఒక మూరెడు దారం లోపల పెట్టి ఉంటే నాకు సరిపోయేది అనిపించింది. అప్పట్నుంచి నేను కుట్టిన ప్రతి దాంట్లో పెట్టాను. నేను కుట్టింది ఎప్పటికీ తెగదని నాకెప్పుడూ ధైర్యం లేదు. నాకు ధైర్యం తక్కువ, ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు. తెగిన రోజు విప్పేవాళ్ళెవరో, ఎక్కడుంటారో తెలీదు, వాళ్ళు దారం కోసం అంగళ్ళు తిరగకూడదు. అంతే అమ్మా.

నలభై ఏళ్ళలో అది మొదట కనిపెట్టింది మీరే. మీ చేతికి దొరికింది గనక సరైన చోటికే చేరింది.

మా పిల్ల గుడ్డ తనదని చెప్పడం తప్పు. దానికి నేను తిట్టాను. ఇంకా తిట్టాలంటే మీరూ తిట్టండి. కానీ దానిది ఎడమచెయ్యి. నేను చెప్పిందంతా తలకిందులుగా తిప్పుకుని, పది రోజులకొక ఉత్తరం చూసి నేర్చుకుంది. మొదలు ఘోరంగా ఉందన్నారట. అది నేను రాయడం మర్చిపోయాను, మొదటి కుట్టు వెనక నుంచి వెయ్యాలి. ఆ తప్పు నాది.

సెలవు.
గుండీ అమ్మమ్మ


వర్క్‌షాపు, చివరి బల్ల

అమ్మమ్మా,

చివరి బల్ల నాది. నాది అంటే నాలుగు నెలలు నాదే.

నీ ఉత్తరం నేను వాక్యం వాక్యం అనువాదం చేసి చదువుతుంటే, పెద్దావిడ పంతులుగారి చొక్కా దగ్గర ఆపమని, మళ్ళీ చదవమంది. చివరిదాకా విని ఫారం తన వైపు లాక్కుంది. "మొదటి కుట్టు వెనక నుంచి వెయ్యాలని మీ అమ్మమ్మ మర్చిపోయిందా?" అంది. అవునన్నాను. "మంచిది, నాకు నేర్పడానికి ఒకటి మిగిల్చింది" అని సంతకం పెట్టింది. గడువుకి ఐదు రోజుల ముందు. ఫారం పట్టుకుని కాలేజీ ఆఫీసుకి పరిగెత్తాను, దారిలో బస్సు కూడా గుర్తు రాలేదు.

చేరి మూడు వారాలైంది. ఒక సర్కసు బ్యాండువాడి కోటు ఇచ్చారు. బాగుచేశాక పట్టీ మూసే ముందు పెద్దావిడ వచ్చి, ఒక మూర దారం కత్తిరించి నా ముందు పెట్టి వెళ్ళింది. అప్పట్నుంచి మిగతా బల్లల వాళ్ళూ పెడుతున్నారు.

ఇందులో ఒక గుడ్డ పంపుతున్నాను. నా చేత్తో నేను కుట్టినవి, నాలుగు కాజాలు. నావే, ఒట్టు. నాలుగోది చూడకు.

గుండీ


కుట్టుమిషను పక్కన

మా గుండీకి,

నీ గుడ్డ అందింది. నాలుగోదే ముందు చూశాను.

మిగతా మూడూ బాగున్నాయి. రెండోది నేను కుట్టానంటే మీ అమ్మ నమ్మింది. మూడు ఇళ్ళవాళ్ళకి చూపించాను, కింద వాటా ఆవిడకి రెండుసార్లు. నాలుగోదాని మొదలు మాత్రం ఊడొస్తోంది. ఊడొచ్చేదాన్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు, నీకు తెలుసు. విప్పేశాను.

విప్పాక భయం వేసింది. ఈ రంగు దారం మన అంగళ్ళలో ఎక్కడ దొరుకుతుంది, పోనీ మీ అమ్మని పంపుదామా అనుకుంటూ పట్టీ తడిమాను.

మీ అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నువ్వు చెప్పలేదులే, నేనే చిక్కుళ్ళు తన ఎదురుగా వలిచాను. వేలికి వేడినీళ్ళు, ఏదో లేపనం. పూర్తిగా వంగదట, కొంచెం వంగుతుందట. ఆ కొంచెంతో నాలుగు పొద్దులు కూర్చుని ఆ నాలుగోదాన్ని మళ్ళీ కుట్టాను. రోజుకి పావు కాజా. మొదటి కుట్టు వెనక నుంచి వేశాను. మూల దగ్గర ఏడు.

గుడ్డ తిరిగి పంపుతున్నాను, పెద్దమ్మగారికి చూపించు. ఏది ఎవరిదో ముందే చెప్పు.

నువ్వు పెట్టిన దారం సరిపోయింది. జానెడు మిగిలింది. మైనం రాసి, చుట్ట చుట్టి, మళ్ళీ అక్కడే పెట్టి కుట్టేశాను.

మెట్టు దగ్గర జాగ్రత్త.

అమ్మమ్మ